వెబ్ మేనేజ్డ్ స్విచ్‌ను అమర్చుకోవడం ఎలా?

నెట్‌వర్క్ పరికరాలను కేబుళ్లతో ఒకదానితో ఒకటి కలిపేది స్విచ్; బ్రౌజర్ ద్వారా సెట్టింగులు మార్చుకోగలిగేది వెబ్ మేనేజ్డ్ స్విచ్. పెట్టెలోంచి తీసి కేబుళ్లు గుచ్చితే వెబ్ మేనేజ్డ్ స్విచ్ కూడా మామూలు స్విచ్ లాగే పనిచేయడం మొదలుపెడుతుంది. చాలాచోట్ల అది ఏళ్ల తరబడి అలాగే, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌తో, ఎవరూ లాగిన్ కాకుండానే నడుస్తూ ఉంటుంది. నెట్‌వర్క్‌ను భాగాలుగా విడదీయడం, ఏ పోర్టులో ఏం జరుగుతోందో చూడటం, పొరపాటున ఏర్పడే లూపులను ఆపడం వంటి పనులకు అదనపు ధర పెట్టి కొన్న పరికరాన్ని అలా వదిలేయడం దండగ. బ్రౌజర్‌లో నాలుగైదు పేజీలు తెరవగలిగినవారు ఎవరైనా దీన్ని అమర్చుకోగలరు. అయితే ఈ పనిలో వరుస చాలా ముఖ్యం. స్విచ్‌ను మార్చడానికి మనం వాడే దారి ఆ స్విచ్ గుండానే పోతుంది కాబట్టి, వరుస తప్పితే కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే అవుతుంది.

కాగితం మీద చేయాల్సిన పని

స్విచ్‌కు కరెంటు ఇవ్వకముందే ఏ పోర్టుకు ఏ పరికరం వస్తుందో రాసుకోవాలి. ఈ వ్యాసమంతటా ఒకే ఉదాహరణను పట్టుకుని నడుద్దాం. మన దగ్గర 8 పోర్టుల స్విచ్ ఉంది. 1వ పోర్టుకు రౌటర్, 2 నుంచి 4 వరకు కంప్యూటర్లు, 5, 6 పోర్టులకు కెమెరాలు, 7వ పోర్టుకు వైఫై యాక్సెస్ పాయింట్ వస్తాయి. 8వ పోర్టును స్విచ్‌ను సరిచేసుకోవడానికి మాత్రమే ఖాళీగా ఉంచుతాం. చిన్న స్విచ్‌లో ఒక పోర్టును ఇలా ఆపేసుకోవడం వృథా అనిపించవచ్చు గానీ, దాని విలువ కాసేపట్లో తెలుస్తుంది.

ఒకే స్విచ్‌లో విడివిడిగా ఉండే నెట్‌వర్క్ భాగాలను వీలాన్‌లు అంటారు. కంప్యూటర్లకు వీలాన్ 10, కెమెరాలకు వీలాన్ 20, అతిథుల వైఫైకి వీలాన్ 30 అని అంకెలు ఇద్దాం. ఫ్యాక్టరీ నుంచి అన్ని పోర్టులూ ఉండే వీలాన్ 1ని నిర్వహణకు వదిలేద్దాం. 1 నుంచి 4094 లోపు ఏ అంకెనైనా ఎంచుకోవచ్చు. ఏ డేటా ఏ వీలాన్‌దో తెలిపేందుకు దానికి తగిలించే గుర్తులో, అంటే ట్యాగ్‌లో, వీలాన్ అంకెకు 12 బిట్ల చోటే ఉండటం, అందులో 0, 4095 ప్రత్యేక అవసరాలకు కేటాయించి ఉండటం ఈ పరిమితికి కారణం. ఐపీ చిరునామాలో మూడో అంకె కూడా వీలాన్ అంకెతో కలిసేలా, అంటే వీలాన్ 20కి 192.168.20.0 శ్రేణి ఉండేలా పెట్టుకుంటే, ఆరు నెలల తరువాత చూసినా ఏది ఏమిటో ఇట్టే తెలుస్తుంది.

ఇక్కడే ఒక సంగతి తేల్చుకోవాలి. ఈ తరగతి స్విచ్‌లలో ఎక్కువ భాగం లేయర్ 2 స్విచ్‌లు. అవి వీలాన్‌లను విడదీస్తాయి గానీ ఒక దాని నుంచి మరొక దానికి రాకపోకలు కల్పించవు, ఐపీ చిరునామాలు పంచవు. ఆ పని రౌటర్‌ది. మీ రౌటర్‌కు వీలాన్‌లు తెలియకపోతే, కింద చెప్పిన వీలాన్ భాగం మీకు ఉపయోగపడదు.

స్విచ్ ద్వారానే కెమెరాలకు కరెంటు కూడా ఇవ్వదలిస్తే, అంటే పీఓఈ మోడల్ అయితే, మొత్తం వాట్ల లెక్క చూడాలి. 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం పోర్టుకు 15.4 వాట్లు, 802.3ఏటీ ప్రకారం 30 వాట్ల వరకు అందుతాయి. కానీ స్విచ్ మొత్తానికి 60 వాట్లే హద్దు అయితే, 30 వాట్ల చొప్పున తీసుకునే పరికరాలు రెండింటికి మించి నడవవు. డబ్బా మీద ఒక్కో పోర్టు అంకె పెద్ద అక్షరాల్లోనూ, మొత్తం అంకె చిన్న అక్షరాల్లోనూ ఉండవచ్చు. చూడవలసింది ఆ రెండోదాన్నే.

మొదటి లాగిన్

కొత్త స్విచ్‌ను నేరుగా నెట్‌వర్క్‌కు తగిలించకండి. ముందు దాన్ని ఒంటరిగా ఉంచి, 8వ పోర్టు నుంచి ల్యాప్‌టాప్‌కు ఒకే ఒక్క కేబుల్ కలపండి. టీపీ-లింక్ చిన్న స్విచ్‌లలో చాలావాటికి ఫ్యాక్టరీ చిరునామా 192.168.0.1 అయి ఉంటుంది. ఎన్నో ఇళ్లలో రౌటర్ చిరునామా కూడా అదే కాబట్టి రెండూ ఒకే తీగ మీదకు వస్తే గొడవ పడతాయి. నెట్‌గేర్ స్మార్ట్ స్విచ్‌లలో సాధారణంగా 192.168.0.239, డీ-లింక్ స్మార్ట్ స్విచ్‌లలో 10.90.90.90, సిస్కో చిన్న వ్యాపారాల శ్రేణిలో 192.168.1.254 కనిపిస్తాయి. మీ మోడల్‌కు ఏదో స్విచ్ అడుగున అంటించిన కాగితం మీద గానీ, మాన్యువల్‌లో గానీ చూసి నిర్ధారించుకోండి.

తరువాత ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ సెట్టింగులలోకి వెళ్లి, ఈథర్‌నెట్ కార్డుకు అదే శ్రేణిలోని వేరే చిరునామాను చేతితో ఇవ్వాలి. స్విచ్‌ది 192.168.0.1 అయితే ల్యాప్‌టాప్‌కు 192.168.0.10, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 ఇస్తే చాలు. గేట్‌వే గడిని ఖాళీగా వదలవచ్చు. ఈ దశలో వైఫైని తప్పకుండా ఆపేయండి. లేకపోతే బ్రౌజర్‌లో 192.168.0.1 కొట్టినప్పుడు వైఫై మీదుగా రౌటర్ పేజీ తెరుచుకుని, స్విచ్ పాస్‌వర్డ్‌ను రౌటర్‌కు కొడుతూ కూర్చునే పరిస్థితి వస్తుంది. పేజీ హెచ్‌టీటీపీఎస్‌తో తెరుచుకుంటే బ్రౌజర్ భద్రతా హెచ్చరిక చూపుతుంది. స్విచ్ తన సర్టిఫికెట్‌ను తానే సంతకం చేసుకోవడం వల్ల అలా జరుగుతుంది. ఒకే కేబుల్‌తో మీ ముందున్న స్విచ్‌కే కలిసి ఉన్నారు కాబట్టి ఆ హెచ్చరికను దాటి ముందుకు వెళ్లవచ్చు.

పాస్‌వర్డ్, ఫర్మ్‌వేర్, చిరునామా

లోపలికి వెళ్లగానే మొదట పాస్‌వర్డ్ మార్చాలి, ఆ తరువాత ఫర్మ్‌వేర్ (స్విచ్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) చూడాలి. తయారీదారు వెబ్‌సైట్ నుంచి మీ మోడల్‌కు, అదే హార్డ్‌వేర్ వెర్షన్‌కు చెందిన ఫైలును ముందే దించి పెట్టుకోండి. ఒకే మోడల్ పేరుతో రెండు మూడు హార్డ్‌వేర్ వెర్షన్లు ఉండటం మామూలే, ఒకదాని ఫైలు మరొకదానికి పనికిరాదు. ఫర్మ్‌వేర్ ఎక్కుతున్నంతసేపూ కరెంటు పోకుండా చూసుకోవాలి. కొన్ని మోడళ్లలో ఫర్మ్‌వేర్ మారాక సెట్టింగులు ఫ్యాక్టరీ స్థితికి వెళ్లిపోతాయి కనుకనే ఈ పనిని మొదట్లో పెట్టాను.

ఇప్పుడు స్విచ్‌కు శాశ్వత చిరునామా ఇవ్వండి. మీ నిర్వహణ నెట్‌వర్క్ 192.168.1.0 శ్రేణి అయితే స్విచ్‌కు 192.168.1.2, గేట్‌వేగా రౌటర్ చిరునామా ఇవ్వవచ్చు. రౌటర్ తానుగా పంచే చిరునామాల పరిధికి ఇది బయట ఉండాలి. అప్లై నొక్కిన మరుక్షణం పేజీ స్తంభించిపోతుంది. స్విచ్ కొత్త చిరునామాకు మారిపోయింది, మీ ల్యాప్‌టాప్ ఇంకా పాత శ్రేణిలోనే ఉంది. ల్యాప్‌టాప్ చిరునామాను కూడా 192.168.1.10కి మార్చి, బ్రౌజర్‌లో కొత్త చిరునామా కొడితే లాగిన్ పేజీ తిరిగి వస్తుంది.

ఇదే ఊపులో వాడని సేవలను ఆపేయండి. పాస్‌వర్డ్‌ను కూడా దాచకుండా పంపే పాత లాగిన్ పద్ధతి టెల్‌నెట్ ఉంటే ఆపాలి. పరికరాలను దూరం నుంచి గమనించే ఎస్ఎన్ఎంపీ అవసరం లేకపోతే దాన్నీ ఆపాలి, అవసరమైతే అందులో పాస్‌వర్డ్‌ల్లా పనిచేసే పబ్లిక్, ప్రైవేట్ అనే ఫ్యాక్టరీ పదాలను మార్చాలి. సమయం సరిచేసుకోండి, లేకపోతే లాగ్‌లలోని తేదీలకు అర్థం ఉండదు.

వీలాన్‌లు: నిదానంగా చేయాల్సిన చోటు

మెనూలో పోర్టుల ఆధారిత వీలాన్ అనీ, 802.1క్యూ వీలాన్ అనీ రెండు కనిపిస్తే రెండోదాన్ని ఎంచుకోండి. ప్రతి పోర్టుకూ మూడు సంగతులు చెప్పాలి: అది ఏయే వీలాన్‌లలో సభ్యురాలు, బయటకు పంపేటప్పుడు ట్యాగ్ ఉంచాలా తీసేయాలా, ట్యాగ్ లేకుండా లోపలికి వచ్చిన ఫ్రేమ్‌ను (డేటా ముక్కను) ఏ వీలాన్‌లో వేయాలి. ఈ మూడోదాన్ని పీవీఐడీ అంటారు. కంప్యూటర్లు, కెమెరాల వంటి వాటికి మామూలుగా ట్యాగ్ అంటే ఏమిటో తెలియదు కాబట్టి వాటి పోర్టులు అన్‌ట్యాగ్డ్‌గా ఉండాలి. రౌటర్, యాక్సెస్ పాయింట్ల వంటివి ఒకే తీగ మీద ఎన్నో వీలాన్‌లను మోస్తాయి కాబట్టి వాటికి ట్యాగ్డ్ కావాలి.

మన ఉదాహరణలో ముందుగా వీలాన్ 10 సృష్టించి, 2, 3, 4 పోర్టులను అన్‌ట్యాగ్డ్‌గా, 1, 7 పోర్టులను ట్యాగ్డ్‌గా చేర్చాలి. వీలాన్ 20లో 5, 6 అన్‌ట్యాగ్డ్, 1 ట్యాగ్డ్. వీలాన్ 30లో 1, 7 రెండూ ట్యాగ్డ్. ఇది అయ్యాక పీవీఐడీ పేజీకి వెళ్లి 2, 3, 4 పోర్టులకు 10, 5, 6 పోర్టులకు 20 ఇవ్వాలి. 1, 7, 8 పోర్టులకు 1 అలాగే ఉండనివ్వాలి. చిట్టచివరన మాత్రమే 2 నుంచి 6 వరకున్న పోర్టులను వీలాన్ 1 నుంచి తొలగించాలి. మీరు 8వ పోర్టులో, వీలాన్ 1లోనే ఉన్నారు కాబట్టి ఇందులో ఏ అడుగు తప్పినా మీ లాగిన్ చెక్కుచెదరదు. ఆ పోర్టును ఖాళీగా ఉంచమన్నది ఇందుకే.

ఎక్కువమంది తడబడేది పీవీఐడీ దగ్గర. 2వ పోర్టును వీలాన్ 10లో చేర్చి, వీలాన్ 1 నుంచి తీసేసి, పీవీఐడీని మాత్రం 1గానే వదిలేశారనుకోండి. కంప్యూటర్ చిరునామా కోసం పంపే అభ్యర్థనను స్విచ్ అక్కడే పారేయవచ్చు, లేదా వీలాన్ 1లోకి పంపవచ్చు. రెండో సందర్భంలో రౌటర్ జవాబు వీలాన్ 1లో వచ్చినా, 2వ పోర్టు అందులో లేదు కనుక కంప్యూటర్‌కు చేరదు. చివరికి కంప్యూటర్ 169.254తో మొదలయ్యే చిరునామాను తనకు తానే ఇచ్చుకుంటుంది. ఆ అంకె కనిపిస్తే కేబుల్‌ను అనుమానించే ముందు పీవీఐడీని చూడండి. వీలాన్ 1 నుంచి తొలగించడం కూడా మరిచిపోతే పరిస్థితి ఇంకా చెడ్డది: కంప్యూటర్‌కు వీలాన్ 1 చిరునామా వస్తుంది, ఇంటర్నెట్ చక్కగా నడుస్తుంది, వేరు చేశామనుకున్న పరికరం మాత్రం స్విచ్ లాగిన్ పేజీ ఉన్న నెట్‌వర్క్‌లోనే కూర్చుని ఉంటుంది. అందుకే ఇంటర్నెట్ వస్తోందా అని చూసి ఊరుకోకుండా, ప్రతి పోర్టులోనూ ఏ శ్రేణి చిరునామా వచ్చిందో చూడాలి.

ఇప్పుడు 1వ పోర్టుకు రౌటర్‌ను కలిపి, రౌటర్‌లోనూ అవే వీలాన్ అంకెలు ఇవ్వండి. ఒక కంప్యూటర్ నుంచి కెమెరాకు పింగ్ (అందుతోందో లేదో చూసే చిన్న సందేశం) కొట్టినప్పుడు జవాబు వస్తే కంగారు పడవద్దు, స్విచ్ తప్పు అయి ఉండకపోవచ్చు. ఎన్నో రౌటర్లు తమకు తెలిసిన నెట్‌వర్క్‌లన్నిటి మధ్యా రాకపోకలను మొదట్లో అనుమతిస్తాయి. వాటిని అడ్డుకునే నియమాలు రౌటర్ ఫైర్‌వాల్‌లో రాయాలి.

లూపులు

ఒక కేబుల్ రెండు కొసలనూ ఒకే స్విచ్‌లో గుచ్చడం, లేదా రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుళ్లు పెట్టడం వల్ల లూపు ఏర్పడుతుంది. ఐపీ ప్యాకెట్‌కు ఉన్నట్టు ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కు ఆయుష్షు లెక్క ఉండదు కాబట్టి, అన్ని పరికరాలకూ వెళ్లే ఒక్క బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ అంతం లేకుండా తిరుగుతూ కొద్ది క్షణాల్లోనే నెట్‌వర్క్ మొత్తాన్ని నింపేస్తుంది. లూపు ఏర్పరిచే దారిని గుర్తించి మూసేసే సదుపాయాన్ని స్పానింగ్ ట్రీ (ఎస్‌టీపీ) అంటారు. ఆ మెనూలో దాని వేగవంతమైన రూపమైన ఆర్ఎస్‌టీపీని ఎంచుకుని ఆన్ చేయండి. పాత ఎస్‌టీపీ పోర్టును తెరవడానికి సుమారు 30 సెకన్లు తీసుకుంటుంది, ఈలోగా కంప్యూటర్ చిరునామా కోసం అడిగి విసిగిపోవచ్చు. ఆర్ఎస్‌టీపీలో కంప్యూటర్లు ఉన్న పోర్టులను ఎడ్జ్ పోర్టులుగా గుర్తిస్తే ఆ ఎదురుచూపు తప్పుతుంది. స్విచ్‌లు ఒకటి కంటే ఎక్కువ ఉంటే, మధ్యలో ఉన్న ప్రధాన స్విచ్‌కు ప్రయారిటీని 4096కు తగ్గించండి. ఫ్యాక్టరీ విలువ 32768, తక్కువ అంకె ఉన్నదే పెద్దరికం వహిస్తుంది. మీ మోడల్‌లో స్పానింగ్ ట్రీ లేకపోతే లూప్ ప్రివెన్షన్ అనే చిన్న సదుపాయం ఉండవచ్చు, దాన్నైనా ఆన్ చేయాలి.

మిగతా మెనూల గురించి రెండు ముక్కలు. పోర్టు వేగాన్ని ఆటోలోనే ఉంచండి. ఒక వైపు వేగాన్నీ ఫుల్ డ్యూప్లెక్స్‌నూ (పంపడం, అందుకోవడం ఒకేసారి) చేతితో బిగించి, రెండో వైపు ఆటోలో వదిలేస్తే, ఆ రెండో వైపు హాఫ్ డ్యూప్లెక్స్‌కు (ఒక్కసారికి ఏదో ఒకటే) దిగిపోతుంది. లింకు వెలుగుతూనే ఉంటుంది, వేగం మాత్రం ఘోరంగా పడిపోతుంది. గిగాబిట్ రావలసిన పోర్టు 100 మెగాబిట్ల దగ్గరే ఆగితే, కేబుల్‌లోని నాలుగు జతల తీగల్లో ఏదో ఒకటి తెగి ఉండే అవకాశం ఎక్కువ. మామూలు కంటే పెద్దవైన జంబో ఫ్రేములను దారిలోని పరికరాలన్నీ ఒప్పుకుంటేనే వాడాలి, సందేహం ఉంటే ముట్టుకోకపోవడమే మంచిది.

భద్రపరచడం

చాలా స్విచ్‌లలో అప్లై నొక్కితే మార్పు వెంటనే అమల్లోకి వస్తుంది గానీ, సేవ్ కాన్ఫిగ్ అనే వేరే మీట నొక్కేదాకా శాశ్వతం కాదు. దీన్ని లోపంగా కాకుండా రక్షణగా వాడుకోవచ్చు. పెద్ద మార్పు చేశాక వెంటనే సేవ్ చేయకండి. అన్ని పోర్టులూ పరీక్షించి, సరిగ్గా ఉన్నాయనిపించాకే సేవ్ చేయండి. మధ్యలో తలుపు మూసుకుపోతే స్విచ్ ప్లగ్ తీసి పెడితే పాత స్థితి తిరిగి వస్తుంది. అయితే కొన్ని మోడళ్లు మార్పులను తమంతట తామే సేవ్ చేసుకుంటాయి. మీది ఏ రకమో తెలుసుకోవడానికి, మొదట్లోనే ఒక పోర్టు పేరును మార్చి, సేవ్ చేయకుండా ప్లగ్ తీసి పెట్టి చూడండి.

అంతా కుదిరాక బ్యాకప్ పేజీ నుంచి కాన్ఫిగరేషన్ ఫైలును దించి, పేరులో మోడల్, ఫర్మ్‌వేర్ వెర్షన్, తేదీ ఉండేలా దాచండి. ఆ ఫైలులో పాస్‌వర్డ్‌లు కూడా ఉండవచ్చు కనుక నలుగురూ చూసే ఫోల్డర్‌లో పెట్టవద్దు. పాస్‌వర్డ్ మరిచిపోయిన రోజున స్విచ్ మీదున్న రీసెట్ రంధ్రంలో పిన్నుతో, మాన్యువల్ చెప్పినన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. అది పాస్‌వర్డ్‌తో పాటు వీలాన్‌లనూ తుడిచేస్తుంది కాబట్టి, రీసెట్ చేసే ముందు మిగతా కేబుళ్లన్నీ తీసి, 8వ పోర్టు ఒక్కదాంట్లోనే ల్యాప్‌టాప్ పెట్టి, పాత ఫైలును ఎక్కించాకే మళ్లీ ఒక్కొక్కటిగా కలపండి.