ఫోల్డ్ ఫోన్‌లో పెన్ను గీత తెగిపోతుంటే: నా అనుభవం

అనంతపురంలో ఇళ్ల ప్లాన్లు గీసిచ్చే పని నాది. సైటు దగ్గరే మార్పులు రాసుకోవడానికి శాంసంగ్ మడత ఫోన్ గెలాక్సీ జెడ్ ఫోల్డ్4, దాని తెర మీద రాసే పెన్ను ఎస్ పెన్ ఫోల్డ్ ఎడిషన్ వాడుతున్నాను. ఫోన్‌కు కొత్త కేసు (కవరు) తొడిగినప్పటి నుంచి లోపలి పెద్ద తెర కుడి అంచున ఇబ్బంది మొదలైంది. గోడ గీత తలుపు దాకా వచ్చి, వంకర తిరిగి మాయమయ్యేది. మేస్త్రీ ఎదురుగా నిలబడి ఉంటే ఎంత టెన్షనో!

కేసు తీసి గీస్తే గీత చక్కగా వచ్చింది. కేసు అంచుకు గుండుసూది చూపిస్తే టక్కున అతుక్కుంది. మూతను పట్టి ఉంచే అయస్కాంతం అక్కడే ఉంది. ఈ పెన్నులో బ్యాటరీ ఉండదు, తెర కింది పొర పుట్టించే విద్యుదయస్కాంత క్షేత్రంతోనే పనిచేస్తుంది. దగ్గర్లో అయస్కాంతం ఉంటే ఆ చోట గీత తప్పుతుంది. అయస్కాంతం లేని, వెనక పెన్ను గూడున్న కేసు వేశాక బాధ పోయింది.

ఫోన్ మూసినప్పుడు కనిపించే బయటి తెర మీద ఈ పెన్ను పనిచేయదు, అది లోపం కాదు. శాంసంగ్ నోట్ ఫోన్ల పాత ఎస్ పెన్ను మాత్రం లోపలి తెరకు తాకించకండి, తెర గీసుకుపోవచ్చు. మన ఊరి దుమ్ము సంగతి తెలిసిందే కదా, ఫోన్ మూసే ముందు తెరను మెత్తటి బట్టతో తుడవండి.