బ్రేక్ ప్యాడ్లు కొనేటప్పుడు
బెంగళూరులో బైక్ నడిపేవాళ్లకు ఒక మాట. ప్యాడ్లు మార్చాలంటే పాతది విప్పి, బండి విడిభాగాల దుకాణాలుండే జేసీ రోడ్డుకు పట్టుకెళ్లండి (విప్పిన బండి మీదే బయల్దేరకండి, మెట్రో ఉంది). ఒకే మోడల్‌లోనూ ఏడాదిని బట్టి క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు అదిమే భాగం) మారుతుంటుంది. అందుకే పాత, కొత్త ప్యాడ్ల వెనక రేకు ఆకారం, పిన్ను రంధ్రాలు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఆగి ఆగి వెళ్లే బండికి ఆర్గానిక్ రకం (నార, రెసిన్ కలిపి చేసినవి) చాలు. చల్లగా ఉన్నా బాగా పట్టుకుంటుంది, డిస్క్‌ను తక్కువ అరగదీస్తుంది. వారం వారం నంది కొండ దిగేవాళ్లయితే సింటర్డ్ (లోహపు పొడిని వేడితో అదిమి చేసినవి) మేలు. వేడికీ వానకీ తట్టుకుంటుంది. కాకపోతే మీ డిస్క్ దానికి పనికొస్తుందో లేదో మాన్యువల్‌లో చూడండి.

బిగించాక, బండి కదపకముందే లీవర్ గట్టిపడేదాకా నొక్కుతూ ఉండండి. మొదటి వంద, రెండు వందల కిలోమీటర్లు వీలైనంతవరకు మెల్లగానే బ్రేక్ వేయండి.