కంపెనీ బోరు పడకముందే మీ నుయ్యి కొలిచి పెట్టుకోండి

ఆరేళ్లు చీపురుపల్లి చుట్టుపక్కల వాటర్ టిన్నుల ఆటో తోలాను. ఇరవై లీటర్ల టిన్ను నిండేసరికి ఇంచుమించు ఇంకో టిన్నుడు నీళ్లు ప్లాంటు వెనక గొట్టంలోంచి కాలవలోకి పోయేవి. రోజూ అది చూసినవాణ్ని కాబట్టి, మీ ఊళ్లో పెద్ద కంపెనీ ఏదైనా బోర్లు వేస్తుందని వింటే ఏం చెయ్యాలో నాకు తెలిసినంత చెబుతాను.

ముందు నుయ్యి కొలవండి, ఈ ఆదివారమే. నైలాన్ తాడుకి అడుగుకో ముడి వేసి, చివర రాయి కట్టి దించండి. రాయి నీళ్లని తాకిన చప్పుడు రాగానే ఎన్ని ముడులు దిగాయో రాసుకోండి. తెల్లారే, ఎవరూ మోటారు వెయ్యకముందే కొలవాలి. వారానికోసారి, అదే నుయ్యి, గట్టు మీద అదే చోటు. అక్కడ సున్నం బొట్టు పెడితే సరి. వాన పడిన రోజులూ రాయండి, లేదంటే "వానల్లేక తగ్గింది" అనేస్తారు.

మేం ఈ పని మా ఊళ్లో ప్లాంటు వచ్చిన రెండేళ్లకు గానీ మొదలుపెట్టలేదు. "అంతకుముందు నీళ్లు ఎంత లోతులో ఉండేవి?" అని ఆఫీసరు అడిగితే మా అమ్మ, "చేద వేస్తే అందేవి బాబూ" అంది. ఆయన అది రాసుకోలేదు.

తర్వాత కాగితం. మన ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం బోరుకి అనుమతి ఉండాలి. తహసీల్దారు ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండలంలో ఫీజు 5 రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు. "వివరాలు ఇవ్వగలరు" అని ఊరుకోవద్దు. బోర్లెన్ని, లోతెంత, రోజుకి ఎన్ని లీటర్లకు అనుమతి, మీటరు ఎవరు చూస్తారు అని విడివిడిగా అడగండి.

"పైన సంతకాలైపోయాయి, నా చేతిలో ఏముంది" అని సర్పంచి అంటే ప్లాచిమడ సంగతి చెప్పండి. కేరళలోని ఆ ఊళ్లో కోకాకోలా ప్లాంటు 2000లో మొదలైంది. 2003లో పెరుమట్టి పంచాయతీ లైసెన్సు రెన్యూ చెయ్యనంది. 2004 మార్చిలో ప్లాంటు ఆగింది. 2005లో హైకోర్టు నీళ్లు తోడుకోవచ్చన్నా మళ్లీ నిలదొక్కుకోలేదు. కానీ నష్టపరిహారం కోసం 2011లో శాసనసభ పాస్ చేసిన బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం రాలేదు. అందుకే గ్రామసభ తీర్మానం ముందే రాయించి, సంతకాలతో నకలు తీసుకోమంటాను.

కంపెనీతో సర్కారు చేసుకున్న ఒప్పందం చేతికొస్తే చివరి పేజీలు ముందు చదవండి. మధ్యలో ఆపేస్తే ఎవరు ఎవరికి కట్టాలి, తగవు ఏ ఊళ్లో తేలుస్తారు అన్నది అక్కడే ఉంటుంది. బొలీవియాలో కొచబాంబ నగరం నీళ్లని 1999లో బెక్టెల్ అనే అమెరికా సంస్థకి వాటా ఉన్న కంపెనీకి అప్పగించారు. బిల్లులు పెరిగి జనం రోడ్డెక్కితే, 2000 ఏప్రిల్లో ప్రభుత్వం రద్దు చేసుకుంది. కంపెనీ వెళ్లి ప్రపంచ బ్యాంకు గొడుగు కింది ట్రిబ్యునల్లో కేసు వేసింది. 2006 దాకా ఆ దేశం మెడ మీద కత్తి అలాగే ఉంది.

ఇంకోటి, నూతి పుస్తకం రెండు కాపీలు రాయండి. ఒకటి అంగన్వాడీలో పెట్టండి. మా మొదటి పుస్తకం ప్లాంటులో పనిచేసే కుర్రాడి ఇంట్లో ఉండేది. కొడుకు ఉద్యోగం పోతుందని భయపడి వాళ్లమ్మ పొయ్యిలో పెట్టేసింది. ఆవిణ్ని ఏమంటాం, ఆ జీతంతోనే ఇల్లు నడుస్తోంది.