డోరియన్ వాయిస్తున్నా సి మేజర్‌లా వినిపిస్తోందా?

డోరియన్ అంటే పాశ్చాత్య సంగీతంలో ఒక మోడ్, మన ఖరహరప్రియ లాంటి స్వరాల వరుస. ముందు కీబోర్డు ట్రాన్స్‌పోజ్ (మొత్తం శ్రుతిని పెంచే, దించే సదుపాయం) సున్నాలో ఉందో లేదో చూడండి. వినాయక మండపంలో గాయకుడి శ్రుతికి పెంచి, దించడం మరచిపోయి, ఆ కీబోర్డునే భుజాన వేసుకుని సికింద్రాబాద్ నుంచి వచ్చి ‘మోడ్ కుదరడం లేదండీ’ అనేవాళ్లను లెక్కపెట్టడం మానేశాను. సున్నాలోనే ఉంటే ముందుకు చదవండి. ఉదాహరణలన్నీ 1959 నాటి మైల్స్ డేవిస్ జాజ్ రచన ‘సో వాట్’ నుంచే.

సమస్య: స్వరాలన్నీ సరైనవే, సోలో (ఒక్కరే అప్పటికప్పుడు అల్లి వాయించే భాగం) మాత్రం సి మేజర్ పాటలా ఉంది.

కారణం: ఈ గుంటలో నేను ఆరు నెలలు ఉన్నాను. ‘డి డోరియన్ అంటే సి మేజర్‌ను డి నుంచి మొదలుపెట్టడమే’ అని ఎవరో చెబుతారు. అబద్ధమేమీ కాదు, అన్నీ తెల్ల మెట్లే. అయితే వేళ్లు డి నుంచి బయలుదేరినా చెవిలోని షడ్జం సి దగ్గరే కూర్చుని ఉంటుంది. కర్ణాటక సంగీతం నేర్చినవారికి గ్రహభేదం అంటే చాలు: శంకరాభరణంలో రిషభాన్ని షడ్జం చేస్తే ఖరహరప్రియ. షడ్జం మార్చకుండా శంకరాభరణమే పాడుతూ దాన్ని ఖరహరప్రియ అంటే మీ గురువుగారు ఊరుకుంటారా?

బ్యాకింగ్ ట్రాక్ (తోడు వాద్యాల రికార్డింగ్) మోగుతున్నంతసేపు ఈ దొంగ దొరకదు. ట్రాక్‌లోని బేస్ డి పట్టుకుని మన తప్పును కప్పేస్తుంది. ఒకసారి మా బేస్ వాయించే మిత్రుడు మధ్యలో చేతులు తీసేసి ‘ఇప్పుడు ఒక్కడివే వాయించు’ అన్నాడు. నాలుగు బార్లలో నా పరువు పోయింది.

మీరూ తోడు లేకుండా ఒక నిమిషం వాయించి ఫోనులో రికార్డు చేయండి. కాసేపాగి విని, షడ్జం అనిపించిన స్వరాన్ని నోటితో పాడి, అది ఏ మెట్టో వెతకండి. సి అయితే రోగం తెలిసినట్టే.

పరిష్కారం: తంబూరా యాప్‌ను డి శ్రుతిలో పెట్టండి. మీకు అలవాటైన శ్రుతిలో వదిలేయకండి, అదీ చూశాను. పది నిమిషాలు పాడాకే వాయించండి. సంచారాలను డి, ఎఫ్, ఏ మీద దించండి. జి, ఈ మీదుగా వచ్చి సి మీద ఆగితే పాత గూటికి చేరినట్టే. బి మీద ధైర్యంగా నిలబడండి. ఆ చతుశ్రుతి ధైవతమే డోరియన్‌ను ఏయోలియన్ నుంచి, అంటే నఠభైరవి నుంచి వేరు చేస్తుంది. దాన్ని తాకకుండా సోలో ముగిస్తే మీరు వాయించింది రెండింటిలో ఏదో ఎవరూ చెప్పలేరు.

సమస్య: ‘సో వాట్’ మధ్యలో ఈ ఫ్లాట్‌లోకి (E♭, డి పక్కనే పైనున్న నల్ల మెట్టు) వెళ్లగానే దారి తప్పడం. (కొండాపూర్‌లో కొన్నది కాదు.)

కారణం: లెక్క తప్పడం. డి డోరియన్ 16 బార్లు, ఈ ఫ్లాట్ డోరియన్ 8, మళ్లీ డి 8. బారుకు నాలుగు దెబ్బలు కాబట్టి ఆది తాళంలో 8, 4, 4 ఆవర్తనాలు. చేత్తో తాళం వేస్తూ పాడుకోండి. మారే చోట ఎఫ్ గానీ సి గానీ పట్టుకోండి. రెండు డోరియన్‌లకూ ఉమ్మడిగా ఉన్నవి ఆ రెండే. డి దగ్గర కైశికి నిషాదమైన సి, ఈ ఫ్లాట్ రాగానే చతుశ్రుతి ధైవతమవుతుంది.

సమస్య: ఆలాపనలా వినిపించడం. గాంధార నిషాదాల మీద గమకం తగ్గించండి, స్వింగ్‌ను (జాజ్‌లోని ఊగే నడకను) ముందు నోటితో పలకండి.

పాత వాద్యం శ్రుతి జారడం, వేగం మార్చిన ట్రాక్ శ్రుతి కూడా మారడం వంటివి అరుదు. ట్యూనర్‌తో ఒకసారి చూసి వదిలేయండి.