హైదరాబాద్ వంటింట్లో పేలియో: అన్నం తీసేశాక కంచంలో ఏం పెట్టాలి

పేలియో అంటే రాతియుగం మనుషులు తిన్నట్టు తినాలనే డైట్. అది మొదలుపెట్టిన చాలామంది అన్నం, చపాతీ మానేసి మిగతా కూరలు ఎప్పటిలాగే తింటారు. మూడోరోజుకి తలనొప్పి, నీరసం, పొద్దున పదకొండుకే కరకరా ఆకలి. వారం తిరక్కుండానే బిర్యానీ ఆర్డర్ పెడతారు. వాళ్ళ పట్టుదలలో లోపమేమీ లేదు. భోజనంలో శక్తి ఎక్కువభాగం అన్నం నుంచే వచ్చేది, దాని చోట ఏమీ చేరలేదు. కాబట్టి ఏం మానాలన్నది చూసుకునే ముందే ఏం పెంచాలో లెక్క వేసుకోండి.

మానాల్సినవి తేలిగ్గానే గుర్తుంటాయి: ధాన్యాలు, పప్పులు, పాలు, పెరుగు, చక్కెర, బెల్లం, రిఫైన్డ్ నూనెలు. ఇక్కడ తరచూ తప్పేది రెండు చోట్ల. అన్నం బదులు కొర్రలు, సామలు, జొన్నరొట్టె తినొచ్చనుకుంటారు. చిరుధాన్యాలూ ధాన్యాలే, పేలియోలో కుదరవు. పల్లీలను బాదంతో కలిపి లెక్కేస్తారు. అవి కంది, శనగ కుటుంబానివి. చిలగడదుంప, కంద, చామదుంప తినొచ్చు. గోరుచిక్కుడు, బీన్స్ లేత కాయలుగా తింటాం కనుక చాలామంది ఒప్పుకుంటారు. నెయ్యి పాల పదార్థమని కొందరు వద్దంటారు, కాచి వడకట్టాక పాల ప్రోటీన్ దాదాపు మిగలదని మరికొందరు ఉంచుకుంటారు. మన వంటకి నెయ్యి ఉంచుకోవడమే నయం.

దీన్ని వీరమాచనేని డైట్‌తో కలపకండి. అందులో కొవ్వు కొలిచి తీసుకోవడం ముఖ్యం, పిండిపదార్థం బాగా తగ్గాలి. పేలియోలో పళ్ళు, దుంపలు ఉంటాయి. పేలియో ఆలోచనకి వైద్యలోకంలో గుర్తింపు 1985లో ఈటన్, కానర్ రాసిన వ్యాసంతో వచ్చింది. రాతియుగం మనుషులు గింజలు ముట్టనే లేదన్న ప్రచారం మాత్రం నమ్మక్కర్లేదు, పాత నూరుడు రాళ్ళమీద పిండి ఆనవాళ్ళు దొరికాయి. బరువు, నడుము కొలత తగ్గుతాయని చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి. ఏళ్ళ తరబడి చేస్తే ఏమవుతుందో చెప్పేంత ఆధారం లేదు.

మొదలుపెట్టే ముందు

షుగర్‌కి ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వాడేవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టకూడదు. తిండిలో పిండిపదార్థం తగ్గి, మందు డోసు అలాగే ఉంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడుతుంటే ఇంకా జాగ్రత్త: షుగర్ మామూలుగా కనిపిస్తున్నా కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లం ప్రమాదకరంగా పెరగడం) రావచ్చు. బీపీ మందులు వాడేవాళ్ళకి కళ్ళు తిరగొచ్చు. కిడ్నీ జబ్బు, గౌట్ ఉన్నవాళ్ళు, గర్భిణులు సొంతంగా ప్రయత్నించొద్దు. మిగతావాళ్ళు హెచ్‌బీఏ1సీ, లిపిడ్ ప్రొఫైల్, క్రియాటినిన్, యూరిక్ యాసిడ్, విటమిన్ డి, బీ12 చేయించుకుని రిపోర్టు దాచుకోండి. అవే మూడు నెలలకి మళ్ళీ చేయించాలి. హెచ్‌బీఏ1సీ సుమారు మూడు నెలల షుగర్ సగటు చెబుతుంది కాబట్టి అంతకుముందే చేయిస్తే తేడా పూర్తిగా కనబడదు.

రోజుకి ఎంత

65-70 కిలోల మనిషికి 80 గ్రాముల ప్రోటీన్ పెట్టుకుందాం. మూడు గుడ్లలో 18, ఎముక లేని చికెన్ 150 గ్రాముల్లో సుమారు 33, చేప 150 గ్రాముల్లో 28 వస్తాయి. తూకాలన్నీ పచ్చిమాంసానివి. కిలో చికెన్ కొంటే ఎముక పోను దాదాపు మూడింట రెండు వంతులే మిగులుతుందని గుర్తుంచుకోండి. దానికి తోడు కూరగాయలు, ఆకుకూరలు అరకిలో, చిలగడదుంప 150 గ్రాములు, పళ్ళు 200, పచ్చికొబ్బరి 50, బాదం లాంటి గింజలు 30, వంటకి నెయ్యి గానీ గానుగ కొబ్బరినూనె గానీ మూడు టేబుల్ స్పూన్లు. ఇదంతా కలిపి 1,700 కేలరీల దగ్గరికి వస్తుంది. రోజంతా తిరిగే పనైతే దుంప, కొబ్బరి పెంచండి. జీడిపప్పు డబ్బా మాత్రం ఎదురుగా పెట్టుకోకండి, 100 గ్రాముల్లో 580 కేలరీలకి పైనే.

ఆకుకూరలు, దుంపలు ఎర్రగడ్డ, మెహదీపట్నం రైతుబజార్లలో వారానికి రెండుసార్లు తెచ్చుకుంటే సరిపోతాయి. చేపలకి రాంనగర్ మార్కెట్, గింజలకి బేగంబజార్. మటన్ కొట్లో పాయా, లివర్ కూడా అడగండి. లివర్ వారానికి ఒక్కసారి 100 గ్రాములు చాలు, అందులో విటమిన్ ఏ మరీ ఎక్కువ.

పప్పు దాక్కునే చోట్లు

పోపులో మినప్పప్పు, శనగపప్పు మానేసి ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకుతో సరిపెట్టండి. ఇంగువ డబ్బా వెనక చదవండి, చాలావాటిలో మైదా గానీ గోధుమపిండి గానీ కలుపుతారు. కొబ్బరిపచ్చడిలో పుట్నాలు, బగారా బైంగన్‌లో పల్లీలు ఉంటాయి. బగారా బైంగన్‌కి పల్లీల వంతు కూడా నువ్వులు, ఎండుకొబ్బరే వేసి నూరితే రుచి ఏమంత తగ్గదు.

పెరుగులో నానబెట్టే మటన్‌కి నిమ్మరసం, పచ్చిబొప్పాయి ముద్ద వాడండి. అరకిలోకి ఒక టేబుల్ స్పూన్, గంట నుంచి రెండు గంటలు. రాత్రంతా ఉంచితే బొప్పాయిలోని పపైన్ మాంసాన్ని పిండిముద్దలా చేసేస్తుంది. మన ఊరి తలా హువా గోష్త్ అయితే ఏ మార్పూ లేకుండా కుదిరే వంటకం: మటన్, ఉల్లి, అల్లంవెల్లుల్లి, పసుపు, మిరపకాయలు వేసి నీళ్ళు ఇగిరేదాకా వేయించడమే.

పులుసులోకి అన్నంలాంటిది కావాలంటే కాలిఫ్లవర్ 300 గ్రాములు తురిమి, వెడల్పు మూకుట్లో పెద్ద మంటమీద నాలుగైదు నిమిషాలు వేయించండి. నీళ్ళు పోయొద్దు, మూత పెట్టొద్దు. ఉప్పు దించేముందే వేయాలి, ముందే వేస్తే నీరు ఊరి ముద్దవుతుంది. బాదంపిండితో దోసెలు, ఇడ్లీలు మాత్రం మేం చెప్పం. ఖర్చెక్కువ, కేలరీలెక్కువ, పైగా అసలు ఇడ్లీ మీదికే మనసు లాగుతుంది.

ఇరానీ చాయ్‌కి ప్రత్యామ్నాయం లేదు, నిజం చెప్పాలంటే. అల్లం వేసిన డికాషన్ తాగి చూడండి. బయట తినాల్సి వస్తే చికెన్ 65, అపోలో ఫిష్‌లో కార్న్‌ఫ్లోర్, తందూరీలో పెరుగు, హలీంలో గోధుమ, పప్పు. గ్రిల్డ్ చేప, ఆమ్లెట్, సలాడ్ దగ్గర ఆగడమే సురక్షితం.

మొదటి రెండు వారాలు

పిండిపదార్థం తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది, కిడ్నీలు ఉప్పునీ నీళ్ళనీ ఎక్కువ వదిలేస్తాయి. తలనొప్పికి, పిక్కలు పట్టేయడానికి తరచూ ఇదే కారణం. బీపీ లేనివాళ్ళు రోజుకో కప్పు ఉప్పు వేసిన పాయా షోర్బా గానీ ఉప్పు నిమ్మనీళ్ళు గానీ తాగితే సర్దుకుంటుంది. మొదటివారం తగ్గే రెండు కిలోల్లో ఎక్కువ నీరే, సంబరపడొద్దు. మలబద్ధకం వస్తే కూరగాయలు నిజంగా అరకిలో ఉన్నాయో లేదో తూచి చూడండి, సాధారణంగా సగమే ఉంటాయి.

పాలు మానేస్తే కాల్షియం తప్పకుండా తగ్గుతుంది. పెద్దలకి రోజుకి 1,000 మిల్లీగ్రాములు కావాలి. తోటకూర, మునగాకు 100 గ్రాములకి 300 దాకా ఇస్తాయి. పాలకూరను నమ్ముకోకండి, అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. ముల్లుతో నమిలి తినే చిన్నచేపలు, నువ్వులు చేర్చుకోండి. చాలకపోతే డాక్టర్ని అడిగి మాత్ర వేసుకోవాలి. ఇంకొకటి, పింక్ సాల్ట్‌కి మారిపోకండి. అయోడిన్ కలిపిన మామూలు ఉప్పే వాడండి.

గుడ్డు కూడా తినని శాకాహారులకి ఇది కుదరదు. పప్పు, పాలు రెండూ పోతే ప్రోటీన్‌కి దారి ఉండదు.

లెక్కలకి మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పోషక పట్టికలు వాడండి. 528 పదార్థాల వివరాలున్నాయి, మన ఆకుకూరలూ చేపలూ సహా. అవి పచ్చివాటి లెక్కలు, అందుకే వండకముందే తూచాలి. పది గ్రాముల తేడా చూపే చిన్న కిచెన్ కాటా చాలు. అదే సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు ధాన్యం, పప్పు తినమనే చెబుతాయి, చదివాకే నిర్ణయించుకోండి. డైటీషియన్ దగ్గరికి వెళ్తే ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ ఇచ్చే ఆర్‌డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) గుర్తింపు ఉందేమో అడగండి. వెళ్ళేటప్పుడు రక్తపరీక్షల రిపోర్టు, వాడే మందుల చీటీ, వారం రోజులు తిన్నవి తూకాలతో రాసిన కాగితం పట్టుకెళ్ళండి.