పసిబిడ్డ పాలు సరిగ్గా తాగట్లేదా? తేడా ఎక్కడుందో ఇలా చూసుకోండి

బిడ్డ పుట్టి వారం కూడా కాలేదు, రొమ్ము నోట్లో పెడితే ఏడుస్తుంది, లేదంటే రెండు గుక్కలు తాగి నిద్రపోతుంది. ఇంట్లో ఒకరు "నీకు పాలు పడలేదమ్మా" అంటారు, ఇంకొకరు దిష్టి తగిలిందంటారు, సాయంత్రానికల్లా ఎవరో ఒకరు మెడికల్ షాపు నుంచి డబ్బా తెచ్చి బల్ల మీద పెడతారు. కుట్ల నొప్పితో, నిద్ర లేక ఉన్న బాలింతకి దీంతో టెన్షన్ ఇంకా పెరుగుతుంది. దిష్టి తీస్తామంటే తీయనివ్వండి, కానీ డబ్బా మూత తీసే ముందు మూడు విషయాలు చూడండి. బిడ్డ రోజుకి ఎన్నిసార్లు ఉచ్చ పోస్తోంది, బరువు ఎటు పోతోంది, రొమ్ముని నోట్లో ఎలా పట్టుకుంటోంది. చాలా ఇళ్లలో అసలు తేడా మూడో దాంట్లోనే ఉంటుంది. కింద రాసిందంతా మొదటి మూడు నెలల బిడ్డల గురించి.

ముందు ఇది: ఇంట్లో ఆగకూడని లక్షణాలు

బిడ్డ పూర్తిగా తాగడం మానేసినా, ఎంత లేపినా లేవకుండా వేలాడిపోతున్నా, ఫిట్స్ వచ్చినా ఇక చిట్కాలు చదువుతూ కూర్చోకండి. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, దానికి ఉల్టాగా ఒళ్లు చల్లబడిపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద బాగా లోపలికి గుంజుతున్నా, పెదాలు నీలంగా మారినా, వాంతి ఆకుపచ్చగా వచ్చినా, ఎనిమిది గంటలుగా ఉచ్చ లేక మాడు గుంటపడినా అంతే. పుట్టిన మొదటి రోజే పసిరికలు కనిపించినా, తర్వాతైనా పచ్చదనం అరచేతులు, అరికాళ్ల దాకా వచ్చినా ఎండలో పెట్టి చూద్దాం అనుకోవద్దు. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. ప్రభుత్వాసుపత్రుల్లో ఏడాది లోపు బిడ్డకి జబ్బు చేస్తే వైద్యం ఉచితం, డబ్బు గురించి ఆలోచిస్తూ తెల్లారేదాకా ఆగొద్దు.

"పాలు చాలట్లేదేమో"

అన్నిటికంటే ఎక్కువగా వినపడే మాట ఇదే. గంట గంటకీ ఏడుస్తోంది, రొమ్ములు మెత్తబడ్డాయి, పిండితే నాలుగు చుక్కలే వస్తున్నాయి కాబట్టి పాలు లేవని తేల్చేస్తారు. నిజానికి ఈ మూడింట్లో ఏదీ రుజువు కాదు. కొన్ని వారాలకి రొమ్ములు మెత్తబడటం మామూలే, బిడ్డకి ఎంత కావాలో ఒంటికి తెలిసొచ్చిందని అర్థం. బిడ్డ లాగినంత చెయ్యి గానీ పంపు గానీ లాగలేదు. సాయంత్రం పూట నాలుగైదు గంటల పాటు వదలకుండా తాగుతూనే ఉండటం కూడా ఈ వయసులో సహజం, రెండు మూడు వారాలప్పుడు, ఆరు వారాలప్పుడు ఇది మరీ ఎక్కువగా కనిపిస్తుంది.

అసలు లెక్క ఉచ్చలో ఉంది. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, అలా పెరుగుతూ ఐదో రోజు నుంచి రోజుకి ఆరు లేదా అంతకంటే ఎక్కువసార్లు, లేత రంగులో పోయాలి. డైపర్ వేస్తే ఈ లెక్క దొరకదు, అనుమానం ఉన్న రెండు మూడు రోజులూ పాత నూలు చీర ముక్కలే కట్టండి. నల్లటి మోషన్ ఐదో రోజుకల్లా పసుపు రంగులోకి తిరగాలి. నాలుగో రోజు దాటాక కూడా ఉచ్చ గుడ్డ మీద ఇటుక రంగు మరకలు పడుతున్నాయంటే పాలు తక్కువ అందుతున్నట్టే.

తర్వాత బరువు. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కొంచెం తగ్గుతుంది. మూడు కిలోల బిడ్డ 2.8 కి వస్తే కంగారు లేదు, తగ్గింది పది శాతానికి చేరితే మాత్రం డాక్టరు చూడాల్సిందే. పది నుంచి పద్నాలుగు రోజుల్లో పుట్టినప్పటి బరువుకి తిరిగి రావాలి, అక్కణ్ణుంచి రోజుకి 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. ఒక్కో కాటా ఒక్కోలా చూపిస్తుంది కాబట్టి ప్రతిసారీ ఒకే చోట, అంగన్‌వాడీలోనో పీహెచ్‌సీలోనో, బట్టలు లేకుండా తూచండి.

ఈ రెండూ బాగుంటే పాలు చాలుతున్నాయి, ఎవరేమన్నా సరే. బాగా లేకపోతే కారణం వెతకాలి. సిజేరియన్ అయితే పాలు పడటం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే, అంటే ఇది ఇంటింటి సమస్య. ఆపరేషన్ అయిన తల్లి లేచి కూర్చోలేదు, బిడ్డని పక్క గదిలో ఉంచుతారు, ఈలోగా డబ్బా పాలు పడతారు, కడుపు నిండిన బిడ్డ రొమ్ము లాగదు, లాగకపోతే పాలు ఊరవు. మొదటి రోజు బిడ్డకి ఒక్కో విడతకి కావలసింది ఒక టీస్పూనో, అంతకు కాస్త ఎక్కువో, ముర్రుపాలు దానికి చాలు. తల్లి పక్కకి తిరిగి పడుకునైనా పట్టించవచ్చు.

చేయాల్సింది, టైము చూసి కాకుండా బిడ్డ అడిగినప్పుడల్లా, 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పట్టడం. రాత్రి విడతలు మానొద్దు, పాలు ఊరించే హార్మోను రాత్రే ఎక్కువ. బిడ్డని బట్టల్లేకుండా తల్లి ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టుకుంటే చాలామందికి పాలు త్వరగా దిగుతాయి. పత్యం పేరుతో బాలింతకి నీళ్లు తగ్గించడం మాత్రం ఆపండి. దాహమైనంత తాగనివ్వండి, పప్పు, గుడ్డు, చేపలు, ఆకుకూరలు అన్నీ తిననివ్వండి. వెల్లుల్లి కారం, మునగాకు తింటే పాలు పడతాయంటారు, ఇష్టమైతే తినండి, కానీ బిడ్డ లాగకుండా ఏ కూరా పాలు పెంచదు. ఇవన్నీ చేసినా తగినంత రాకపోతే తల్లికి థైరాయిడ్ పరీక్ష చేయించండి, కాన్పులో రక్తం ఎక్కువ పోయిన సంగతి డాక్టరుకి చెప్పండి.

పై పాలు నిజంగానే అవసరమయ్యే బిడ్డలూ ఉంటారు, ఆ తల్లి అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ముందు తల్లి పాలే పిండి పట్టండి, అవి చాలకపోతే పాల బ్యాంకు దొరుకుతుందేమో అడగండి (హైదరాబాద్ నీలోఫర్ ఆస్పత్రిలో ఉంది), అదీ కుదరకపోతే డాక్టరు చెప్పిన డబ్బా పాలు. నీళ్లు ముందు కొలిచి తర్వాత పొడి కలపాలి, డబ్బా మీద రాసిన కొలత మార్చొద్దు. ఖర్చు కలిసొస్తుందని పల్చగా కలిపితే బిడ్డ ఎండిపోతుంది. ఆవు పాలు, గేదె పాలు ఏడాది నిండేదాకా వద్దు. వీధుల్లో అమ్మే గాడిద పాలు అసలే వద్దు. ఆస్పత్రిలో ఎవరైనా డబ్బా శాంపిల్ ఉచితంగా చేతిలో పెడితే తిరిగి ఇచ్చేయండి, 1992 నాటి చట్టం ప్రకారం అది నేరం.

"పట్టగానే ప్రాణం పోయేంత నొప్పి, చనుమొన పగిలింది"

బిడ్డ చనుమొన ఒక్కటే నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది, కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. తల్లికి పుండు పడుతుంది, బిడ్డకి పాలు రావు, ఇద్దరూ ఏడుస్తారు. దీన్ని సరిచేస్తే మిగతా సమస్యల్లో సగం వాటంతట అవే పోతాయి కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

మీరు వెనక్కి ఆనుకుని, నడుముకి దిండు పెట్టుకుని కూర్చోండి. మీరు బిడ్డ మీదికి వంగకూడదు, బిడ్డనే మీ దగ్గరికి తెచ్చుకోవాలి. తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండేట్టు బిడ్డ పొట్ట మీ పొట్టకి ఆనాలి. చాలామంది బిడ్డని వెల్లకిలా ఒళ్లో పెట్టుకుని మొహం ఒక్కటే పక్కకి తిప్పుతారు. మీరు మెడ పక్కకి తిప్పి నీళ్లు మింగి చూడండి, బిడ్డ కష్టం తెలుస్తుంది. ఇప్పుడు చనుమొనని బిడ్డ ముక్కుకి ఎదురుగా పెట్టి పై పెదవికి రాయండి. ఆవలించినంత పెద్దగా నోరు తెరిచేదాకా ఆగండి, తెరవగానే భుజాల దగ్గర పట్టుకుని ఒక్క కదలికలో దగ్గరికి తీసుకోండి. తల వెనక చెయ్యి పెట్టి నెట్టొద్దు, అలా నెడితే బిడ్డ ఎదురు తిరుగుతుంది.

సరిగ్గా పట్టిందో లేదో ఇలా తెలుస్తుంది: గడ్డం రొమ్ముకి ఆని ఉంటుంది, కింది పెదవి బయటికి విచ్చుకుని ఉంటుంది, నల్లటి వలయం పైన ఎక్కువగా, కింద తక్కువగా కనిపిస్తుంది. మొదట గబగబా చప్పరించి తర్వాత నెమ్మదిగా లోతుగా లాగుతుంది, మధ్యలో గుటక చప్పుడు వినిపిస్తుంది. బుగ్గలు లోపలికి సొట్టలు పడుతున్నా, టక్ టక్ అని చప్పుడొస్తున్నా పట్టు సరిగ్గా లేదు. చిటికెన వేలు నోటి మూలలోకి పోనిచ్చి పట్టు విడిపించి మళ్లీ మొదలుపెట్టండి, ఎన్నిసార్లయినా సరే. పగిలిన చోట చివరి పాల చుక్కలు రాసి గాలికి ఆరనివ్వండి. పట్టు ఎంత సరిచేసినా నొప్పి పోకపోతే బిడ్డ నాలుక కింద పొర అడ్డుగా ఉందేమో, నాలుక చాపినప్పుడు కొస నొక్కుకుపోతోందేమో పిల్లల డాక్టరుకి చూపించండి. నాలుక మీద తుడిస్తే పోని తెల్లటి పూత ఉండి, మీకు చనుమొనల్లో మంట ఉంటే అది ఫంగస్, మందు తల్లీబిడ్డలిద్దరికీ ఒకేసారి వాడాలి.

"రొమ్ము రాయిలా గట్టిపడింది, బిడ్డకి పట్టు దొరకట్లేదు"

మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య ఇది మామూలే, పాలు ఒక్కసారిగా దిగడం వల్ల వస్తుంది. పట్టే ముందు గోరువెచ్చని గుడ్డతో కాపి, చేత్తో కొంచెం పిండేసి, చనుమొన చుట్టూ వేళ్లతో ఒక నిమిషం మెల్లగా లోపలికి నొక్కి పట్టుకుంటే ఆ భాగం మెత్తబడి బిడ్డ నోటికి అందుతుంది. పట్టాక చల్లటి గుడ్డ వేయండి. ఒక చోట ఎర్రగా కంది, చలి జ్వరం వస్తే అది ఇన్ఫెక్షన్ కావచ్చు, డాక్టరుకి చూపించుకోవాలి. పాలివ్వడం ఆపేస్తే అది ఇంకా ముదురుతుంది, ఆ రొమ్ము కూడా పట్టొచ్చు.

"రెండు గుక్కలు తాగి నిద్రపోతుంది"

నెలలు నిండక ముందు పుట్టిన బిడ్డలు, పసిరికలున్న బిడ్డలు ఇలా చేస్తారు. టోపీ, సాక్సులు, రెండు దుప్పట్లు చుట్టిన బిడ్డ కూడా ఆ వెచ్చదనానికి నిద్రలోకి జారుకుంటుంది, మన ఎండాకాలంలో అంత చుట్టాల్సిన పనే లేదు. పుట్టినప్పటి బరువుకి తిరిగి వచ్చేదాకా మూడు గంటలకి మించి నిద్రపోనివ్వకండి. బట్టలు విప్పండి, గుడ్డ మార్చండి, అరికాలు రాయండి. లాగడం ఆపినప్పుడు రొమ్ముని చేత్తో మెల్లగా నొక్కితే పాలు నోట్లో పడి మళ్లీ లాగుతుంది. అప్పటికీ నిద్రపోతే రెండో వైపుకి మార్చండి.

అయినా తాగకపోతే పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టండి. సీసా కంటే ఇది ఎంతో మేలు, శుభ్రం చేయడం తేలిక, బిడ్డ రొమ్ము పట్టడం మరిచిపోదు. గిన్నెని నీళ్లలో పది నిమిషాలు మరగనివ్వండి. బిడ్డని సగం కూర్చున్నట్టు నిటారుగా పట్టుకుని గిన్నె ముక్కుని పెదవి అంచున ఆనించండి, పాలు పెదవికి తగలాలి, బిడ్డే నాలుక చాపి అందుకోవాలి. మన పక్కన ఉగ్గు పెట్టేటప్పుడు కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, గొంతులో పోసే అలవాటు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉంది. దయచేసి అది చేయొద్దు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

"పట్టగానే పొలమారుతుంది, విదిలించుకుంటుంది"

పాలు మరీ జోరుగా వస్తున్నాయి. మొదటి ధారని ఒక గుడ్డలోకి పోనిచ్చి, అప్పుడు పట్టండి. మీరు బాగా వెనక్కి వాలి బిడ్డని మీ మీద బోర్లా వేసుకుంటే ధార నెమ్మదిస్తుంది.

"తాగిందంతా కక్కేస్తుంది"

తాగాక పెదవి పక్క నుంచి కొంచెం పాలు కారడం, విరిగిన పెరుగులా రావడం చాలామంది బిడ్డల్లో ఉంటుంది, నాలుగు నెలలప్పుడు ఎక్కువై ఏడాదికల్లా పోతుంది. బరువు పెరుగుతూ, హుషారుగా ఉంటే మందు అక్కర్లేదు. భుజాన వేసుకుని తేన్పు తెప్పించండి, తాగాక ఒక 20 నిమిషాలు నిటారుగా ఎత్తుకోండి, పొట్ట మీద బిగుతుగా ఏమీ కట్టొద్దు. గ్రైప్ వాటర్, వస, ఆముదం వల్ల ఉపయోగం లేదు. తేనె ఏడాది దాకా నాకించకూడదు, దాంట్లో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసిబిడ్డల నరాలని పడగొట్టేంత ప్రమాదం. మంచినీళ్లు కూడా ఆరు నెలల దాకా వద్దు, రోహిణీ కార్తెలో అయినా సరే, తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే.

రెండు వారాల నుంచి రెండు నెలల మధ్య వయసులో, ప్రతిసారీ పాలు తాగాక వాంతి ధారలా దూరంగా పడుతుంటే, కక్కిన వెంటనే మళ్లీ ఆకలితో ఏడుస్తుంటే, బరువు తగ్గుతుంటే జీర్ణాశయం కింది ద్వారం ఇరుకై ఉండొచ్చు. దానికి చిన్న ఆపరేషనే మార్గం, ఆలస్యం చేయొద్దు.

"రెండు సార్లు లాగి వదిలేసి ఏడుస్తుంది"

ముక్కు చూడండి. పసిబిడ్డ ముక్కుతోనే ఊపిరి తీస్తుంది, ముక్కు మూసుకుపోతే ఊపిరాడక రొమ్ము వదిలేస్తుంది. మన ఇళ్లలో దీనికి పెద్ద కారణం స్నానం తర్వాత పెట్టే సాంబ్రాణి పొగ, ఆపైన పౌడరు. రెండూ ఒక వారం ఆపి చూడండి. పట్టే ముందు ఒక్కో ముక్కులో సెలైన్ చుక్కలు వేస్తే చాలు. నూనె చుక్కలు వద్దు, నోటితో ఊదడం వద్దు.

ముక్కు బాగానే ఉండి, తాగేటప్పుడు నుదుటి మీద చెమటలు పడుతూ, ఆగి ఆగి ఆయాసపడుతూ, ప్రతి విడతా సాగదీస్తూ, బరువు పెరగకుండా ఉంటే గుండె పరీక్ష చేయించండి. "ఉక్కపోతకి చెమట" అని వదిలేయకండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు

"పాలు తాగట్లేదండీ" అని ఒక్క మాట చెబితే ఆయనకీ ఏం అర్థం కాదు. ముందు రోజు ఎన్నిసార్లు పట్టారు, ఎన్నిసార్లు ఉచ్చ, మోషన్ అయ్యాయి, పుట్టినప్పుడు బరువెంత, ఇప్పుడెంత, ఒక కాగితం మీద రాసుకెళ్లండి. వీలైతే బిడ్డ పాలు తాగేటప్పుడు రెండు నిమిషాలు వీడియో తీయించండి, క్లినిక్‌లో అదే సమయానికి బిడ్డ నిద్రపోతూ ఉంటుంది. ఆస్పత్రి కాన్పు అయినా 3, 7, 14, 21, 28, 42 రోజులకి ఆశా కార్యకర్త ఇంటికి రావాలి, రాకపోతే ఫోన్ చేసి పిలవండి, వచ్చినప్పుడు బరువు చూసి వెళ్లనివ్వకుండా, ఆమె ముందే ఒకసారి పాలు పట్టి చూపించండి.