పాత క్యాంపర్ వ్యానులో స్పీకర్లు ఎక్కడ బిగించాలి?

ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ జర్మనీలోని హానోవర్ కర్మాగారంలో 1967 నుంచి 1979 వరకు తయారుచేసిన రెండో తరం టైప్ 2 వ్యానులకు, ముందు అద్దం ఒంపు తిరిగిన ఒకే పలకగా ఉండడం వల్ల, ‘బే విండో’ అన్న పేరు స్థిరపడింది. వాటిలో చాలా బళ్లకు వెస్ట్‌ఫాలియా సంస్థ మడత మంచం, పొయ్యి, అల్మరాలు, పైకి లేచే కప్పు అమర్చి క్యాంపర్లుగా తీర్చిదిద్దింది. పాటలు వినడానికి మాత్రం ఆ రోజుల్లో ఎవరూ పెద్దగా ఏర్పాటు చేయలేదు. రేడియో ఉన్న బండికైనా డాష్‌బోర్డు వెనక ఒక్క స్పీకరుతో సరిపెట్టేవారు. అందుచేత ఇప్పుడు అటువంటి బండిని బాగుచేసుకుంటున్నవారు స్పీకర్లు కొనక ముందే వాటిని ఎక్కడ బిగించాలో తేల్చుకోవలసి ఉంటుంది.

ఈ వ్యాసంలోని ఉదాహరణలు బ్రిటన్‌లో మేము నడుపుతున్న 1973 నాటి బే విండోకు సంబంధించినవి. కొలతలు మారినా పద్ధతి పాత క్యాంపర్లన్నిటికీ పనికివస్తుంది. పనిలోకి దిగే ముందు ఒక నియమం పెట్టుకోండి: చెక్కను కోయవచ్చు, రేకును కోయకూడదు. ప్లైవుడ్ పలక పాడైతే ఒక పూటలో మరొకటి తయారవుతుంది. యాభై ఏళ్ల నాటి డోరు రేకుకు వేసిన రంధ్రం మాత్రం అంచుల నుంచి తుప్పు పట్టడం మొదలుపెడుతుంది, బండి విలువనూ తగ్గిస్తుంది.

మొదటి పని: మీ చెవి ఎక్కడ ఉంటుందో రాసుకోండి

క్యాంపర్‌లో పాట రెండు విధాలుగా వింటాం: నడుపుతూ, ఆగి. నడుపుతున్నప్పుడు చెవి ముందు సీటులో ఉంటుంది. వెనక గాలితో చల్లబడే ఇంజను హోరు, ముందు చదునైన ముఖానికి కొట్టే గాలి చప్పుడు, వీటి మధ్య పాట దారి చేసుకోవాలి. బండి ఆపాక ఇంజను మౌనంగా ఉంటుంది, చెవి వెనక బెంచీ మీదికో, మంచం మీది తలగడ మీదికో మారుతుంది. ఒక నెల ప్రయాణాలను గుర్తుచేసుకుని ఎక్కడ ఎన్ని గంటలు విన్నారో నిజాయితీగా కాగితం మీద పెట్టండి. మేము మొదట ముందు సీటుకే ప్రాధాన్యం ఇవ్వాలనుకున్నాం. లెక్క వేస్తే మూడింట రెండు వంతుల సమయం ఆగిన బండిలో, టీ తాగుతూ విన్నదే అని తేలింది. మంచం వేసినప్పుడు తల ఏ వైపు వస్తుందో కూడా రాసుకోవడం మరవకండి, ఎందుకంటే పగలు దూరంగా అనిపించిన స్పీకరు రాత్రి చెవికి జానెడు దూరంలో ఉండవచ్చు.

రెండో పని: రంధ్రం వేయకముందే వినండి

చాలామంది వదిలేసే పని ఇదే, అన్నిటికన్నా విలువైనదీ ఇదే. స్పీకరును చేత్తో పట్టుకుని, పెద్దగా పెట్టకుండా మామూలు ధ్వనిలో ఒక పాట పెట్టండి. పీలగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ఇప్పుడు పెద్ద అట్టపెట్టె ఒక ముఖానికి స్పీకరు పట్టేంత రంధ్రం కోసి, అందులో కూర్చోబెట్టి, మిగిలిన మూతలు టేపుతో మూసి అదే పాట వినండి. మృదంగం ఎడమ పక్క నాదం ఒక్కసారిగా నిండుకుంటుంది. కోన్ (స్పీకరులో ముందుకూ వెనక్కూ కదిలే గరాటు లాంటి పలుచని భాగం) ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి ఒత్తుకుంటుంది, వెనకున్న గాలి పలచబడుతుంది; ఆ రెండూ అంచు చుట్టూ తిరిగి కలుసుకుంటే మంద్ర ధ్వని ఒకదానినొకటి చెరిపేసుకుంటుంది. కనుక మంచి చోటు అంటే స్పీకరు ముందువైపు గాలిని వెనకవైపు గాలితో కలవనివ్వని చోటు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం పొరపాట్లు తప్పుతాయి.

అలాంటి అట్టపెట్టెలు రెండు తయారుచేసుకుని, పొడవాటి వైర్లు తగిలించి, బండిలో ఒక్కో చోటా పెట్టి వినండి. ఒకరు సీటులో కూర్చుంటే మరొకరు పెట్టెలు మార్చాలి. ఒక్కరే చేస్తే చెవికి పోలిక దొరకదు. వినడానికి ఒకే గాత్రం, ఒకే వాద్యం ఉన్న పాటను ఎంచుకోవడం మంచిది. గాత్రం రెండు స్పీకర్ల మధ్య నుంచి వస్తున్నట్టు తోస్తే చోటు బాగుంది. ఒక పక్కకే అతుక్కుపోతే బాగాలేదు. కాస్త నచ్చిన ప్రతి చోటునూ మాస్కింగ్ టేపుతో గుర్తుపెట్టి, మర్నాడు మరొకసారి వినండి.

గాత్రం ఒక పక్కకు లాగడానికి కారణం దూరం. ధ్వని ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. మా బండిలో డ్రైవరు చెవి నుంచి దగ్గరి డోరు స్పీకరుకు 60 సెంటీమీటర్లు, అవతలి డోరుకు 140 సెంటీమీటర్లు. అంటే అవతలి ధ్వని రెండు మిల్లీసెకన్లకు పైగా ఆలస్యంగా చేరుతుంది, చెవి ముందు వచ్చినదాని వైపే మొగ్గుతుంది. స్పీకర్లను ముందుకు, పాదాల దగ్గరికి జరిపిన కొద్దీ ఈ తేడా తగ్గుతుంది. కొన్ని కొత్త స్టీరియోలు దగ్గరి స్పీకరును కావాలని కాస్త ఆలస్యం చేసి ఈ లోటును కప్పిపుచ్చగలవు గాని, ఆ సర్దుబాటు ఒక్క సీటుకే పనికివస్తుంది. పక్క సీటులో ఉన్నవారికి పరిస్థితి మరింత దిగజారుతుంది.

మూడో పని: వెనకాల ఏముందో చూడండి

చెవికి నచ్చిన చోటు చేతికి కుదరకపోవచ్చు. మొదట లోతు కొలవాలి. డోరులో అయితే అద్దం పూర్తిగా కిందికి దిగినప్పుడు స్పీకరు అయస్కాంతానికి తగలకూడదు. దీనికి వంటింటి ఉపాయం ఒకటి ఉంది: అయస్కాంతం వెనక చపాతీ పిండి ముద్ద ఒకటి అంటించి, స్పీకరును ఆ చోట చేత్తో పట్టుకుని అద్దాన్ని మెల్లగా దించి, మళ్లీ ఎత్తండి. ముద్ద మీద గీత పడితే అద్దం తాకుతోందన్నమాట. గీత పడకపోతే ముద్ద మందమెంతో అంత ఖాళీ ఉన్నట్టు. ఆ ఖాళీ కనీసం వేలెడు లేకపోతే తక్కువ లోతున్న స్పీకరు ఎంచుకోవాలి. పెట్టె మీద రాసిన 6.5 అంగుళాలు అన్నది పేరుకు కొలత మాత్రమే. కోయవలసిన రంధ్రం వ్యాసం, కావలసిన లోతు ఆ స్పీకరుతో వచ్చే కాగితంలో వేరుగా ఉంటాయి.

తర్వాత పలక వెనక దాగినవి చూడాలి: వైర్లు, నీటి గొట్టాలు, నేల కింద పోయే బ్రేకు గొట్టాలు. గ్యాసు సిలిండరు ఉండే చిన్న గది గోడకు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ రంధ్రం వేయకూడదు. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది కనుక లీకైతే కిందికి దిగి, ఆ గది అడుగున ఉన్న రంధ్రం గుండా బండి బయటికి పోవాలి. వైరు కోసం వేసిన చిన్న బెజ్జం చాలు, అది పడుకునే చోటికి వచ్చి చేరడానికి. సీటు కింద రెండో బ్యాటరీ ఉన్నవారు కూడా ఆ పెట్టెను స్పీకరు పెట్టెగా వాడుకోవద్దు, ఎందుకంటే లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జవుతున్నప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది.

నాలుగో పని: చోట్లను ఒక్కొక్కటిగా బేరీజు వేయండి

డాష్‌బోర్డులో పాత స్పీకరు ఉన్న చోటు అందరికీ మొదట గుర్తొస్తుంది. కొత్తగా కోయవలసింది ఏమీ లేదు, చూపుకు బండి పాతదిగానే ఉంటుంది. వార్తలకు, మాటలకు అది చాలు. అయితే అక్కడ ఒక్క స్పీకరే పడుతుంది కనుక స్టీరియో ఎడమ, కుడి వైర్లను కలిపి దానికే తగిలించాలని కొందరికి తోస్తుంది. అలా చేస్తే నేటి స్టీరియోలు కాలిపోయే ప్రమాదం ఉంది. ఎడమ, కుడి ధ్వనులకు వేర్వేరు తీగచుట్టలున్న స్పీకర్లు దొరుకుతాయి. ఆ చోటుకు అవే తగినవి.

డోర్ల విషయంలో నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. మా బండికి ముందటి యజమాని రెండు డోర్లకూ రంధ్రాలు కోయించి స్పీకర్లు పెట్టించాడు. మేము కొన్న మొదటి ఏడాదే, రెండు రోజులు ఎడతెగని వాన కురిసిన తర్వాత, ఎడమ స్పీకరు గొంతు బొంగురుపోయింది. విప్పి చూస్తే కాగితపు కోన్ తడిసి అప్పడంలా మెత్తబడి ఉంది. పాత బళ్లలో అద్దం పక్క రబ్బరు దాటుకుని నీరు డోరు లోపలికి దిగడం, అడుగున ఉన్న రంధ్రాల గుండా బయటికి పోవడం మామూలే; ఆ నీటి దారిలో మనం కాగితం పెట్టామన్నమాట. మీ డోర్లకు రంధ్రాలు ఎప్పుడో పడి ఉంటే వాటినే వాడుకోండి, కాని కోన్ ప్లాస్టిక్‌ది ఉండాలి, స్పీకరు వెనక గొడుగులా ఒక ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. రంధ్రాలు లేకపోతే డోరు లోపలి పలకకు మనం కూర్చునే వైపున చెక్కతో జేబు లాంటి పెట్టె చేసి అందులో బిగించవచ్చు. అసలు పలకను తీసి భద్రపరిచి, దాని కొలతకు కోసిన కొత్త ప్లైవుడ్ పలక మీద ఈ జేబును కూర్చాలి.

ముందు సీట్ల వారికి నా దృష్టిలో అన్నిటికన్నా మంచి చోటు డాష్‌బోర్డు కింద, పాదాల పక్కనుండే గోడ. దూరాల తేడా తక్కువ, వాన దారికి దూరం, చిన్న చెక్క పెట్టెకు చోటు ఉంటుంది. ధ్వని పిక్కలకు తగిలి ఆగిపోకుండా పెట్టె ముఖాన్ని కాస్త పైకి, అవతలి మనిషి ముఖం వైపు తిప్పి కోయించాలి. తార స్వరాలు టార్చిలైటు వెలుగులా సూటిగా పోతాయే గాని పక్కలకు అంతగా పరచుకోవు. పెడళ్ల వైపు ఉండే పెట్టెను బిగించే ముందు మామూలుగా వేసుకునే బూట్లతోనే క్లచ్చి, బ్రేకు పూర్తిగా తొక్కి చూడండి. ఈ బళ్లలో డ్రైవరు కాళ్ల ముందు ఇంజను ఉండదు, ఉన్నది పలుచని రేకు మాత్రమే. కనుక బరువైన పెట్టెను మోకాళ్లకు ఎదురుగా వేలాడదీయకూడదు.

వెనక భాగంలో అల్మరాల పక్క పలకలు స్పీకర్లకు అనువైనవి. అయితే గిన్నెలున్న అల్మరాయే స్పీకరు పెట్టె అవుతుందనుకోవద్దు. తలుపు తెరిచినప్పుడల్లా ధ్వని మారుతుంది, చెంచా ఒకటి కోన్‌కు గుచ్చుకుంటే అంతటితో సరి. లోపల స్పీకరు వెనక వేరుగా చిన్న పెట్టె కట్టాలి. ఎత్తు విషయానికొస్తే, బెంచీ మీద కూర్చున్నవారి భుజం ఎత్తు మంచిది. ఇంకా కిందికి దించితే పరుపులు, దిండ్లు, కర్టెన్లు తార స్వరాలను పీల్చేస్తాయి. తలగడ పైనున్న అరలో బరువైన స్పీకర్లను స్క్రూలతో వేలాడదీయడం నాకు సమ్మతం కాదు. అక్కడే కావాలంటే పలక వెనక నుంచి బోల్టు, వాషరు వేసి బిగించండి.

వెనక తలుపు, పైకి లేచే కప్పు వదిలేయవచ్చు. తలుపు తెరిచి మూసినప్పుడల్లా వైరు మడతపడి ఏదో ఒకనాడు తెగుతుంది. కప్పు చుట్టూ ఉన్న కాన్వాసు ధ్వనిని ఏమాత్రం ఆపదు, పక్క గుడారంవారికి మీ పాట మీకన్నా బాగా వినిపిస్తుంది.

మంద్రానికి చోటు వేరు

50 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. బండి మొత్తం పొడవు 4.5 మీటర్లు. అంత పొడవాటి తరంగం ఎటు నుంచి వస్తోందో చెవి పసిగట్టలేదు కనుక సబ్‌వూఫర్‌ను, అంటే మంద్ర ధ్వని కోసమే ఉండే పెద్ద స్పీకరును, బెంచీ కింద ఎక్కడ దాచినా ఫరవాలేదు. దాని పెట్టె గట్టిగా, గాలి చొరకుండా ఉంటే చాలు. పక్కకు జరిగే పెద్ద తలుపు తెరవగానే మంద్రం చాలావరకు బయటికి పోవడం చూసి కంగారు పడవద్దు, అది స్పీకరు లోపం కాదు.

చిక్కల్లా చప్పుళ్లతోనే. సబ్‌వూఫర్ మొదటిసారి మోగించిన రోజు ప్రతి దరువుకీ ఒక కీచు శబ్దం వస్తుంటే స్పీకరే చెడిపోయిందనుకుని గంటసేపు విప్పి బిగించాం. చివరికి తేలిందేమిటంటే, అది అల్మరాలోని పోపుల పెట్టె మూత. గాజు పలకల కిటికీలు, పొయ్యి మీది కంచు మూతలు, కర్టెను పట్టాలు కూడా ఇలాగే పలుకుతాయి. ఒకరు పాట పెట్టి ఉంచితే మరొకరు అనుమానం వచ్చిన ప్రతి వస్తువునూ అరచేత్తో నొక్కి చూడాలి. చప్పుడు ఆగిన చోట చిన్న ఫెల్టు ముక్క అంటిస్తే సరిపోతుంది.

ఐదో పని: వైరు దారి చూసుకుని, అప్పుడు కోయండి

1966కు ముందు తయారైన చాలా ఫోక్స్‌వ్యాగన్ వ్యానుల్లో విద్యుత్ వ్యవస్థ 6 వోల్టులది. ఇప్పటి స్టీరియోలకు 12 వోల్టులు కావాలి, కనుక ముందుగా అది చూసుకోండి. బే విండోలో బ్యాటరీ వెనక ఇంజను గదిలో ఉంటుంది, స్టీరియో ముందుంటుంది. ధ్వనిని పెంచే ఆంప్లిఫయర్ వేరుగా పెట్టేవారు బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు వేయాలి; ఫ్యూజు ముందువైపు ఉంటే మధ్యలో ఎక్కడ ఇన్సులేషన్ తెగి రేకును తాకినా వైరు మొత్తం మండుతుంది. రేకులోంచి దూరే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్ (వైరు అంచుకు ఒరుసుకోకుండా రంధ్రానికి తొడిగే రింగు) తప్పనిసరి. స్పీకరు మైనస్ వైరును, పాత రేడియోల అలవాటు చొప్పున, బండి రేకుకు కలపవద్దు. రెండు వైర్లూ స్టీరియో దాకా వెళ్లాలి.

వైరు తగిలించాక ఏది ప్లస్సో అనుమానం వస్తే పెన్సిల్ సెల్ ఒకటి స్టీరియో వైపు కొసలకు, స్టీరియోకు తగిలించక ముందే, రెప్పపాటు తాకించండి. సెల్ ప్లస్ తగిలిన వైరు స్పీకరు ప్లస్‌దే అయితే కోన్ బయటికి ఉబుకుతుంది. అన్ని స్పీకర్లూ ఒకే వైపు కదలాలి. ఒకటి లోపలికి, ఒకటి బయటికి కదిలితే ఎంత మంచి చోట పెట్టినా మంద్రం మాయమవుతుంది.

ఇంత అయ్యాక అట్ట మీద రంధ్రం గీసి, కోసి, ఆ అట్టను టేపుతో పలకకు అంటించి ఒక ప్రయాణం చేయండి. మంచం వేయండి, తీయండి. అల్మరా తలుపులన్నీ తెరవండి. పిల్లలను ఎక్కించి దించండి. ఎవరి మోకాలూ, ఏ తలుపూ ఆ అట్టను తాకకపోతే రంపం చేతికి తీసుకోవచ్చు. విప్పిన పాత పలకలను, స్క్రూలను పారవేయకుండా ఏది ఎడమదో, ఏది కుడిదో వెనక పెన్సిలుతో రాసి, పాత దుప్పటిలో చుట్టి పొడిగా ఉన్న చోట పెట్టండి.